ర్యాలీ, ప్రతిజ్ఞ అయిపోయాయి. ఇక పిల్లలతో నిజంగా పనికొచ్చేది ఏమి చేయించాలి?

ఇంటర్_లెక్చరర్
మా జూనియర్ కళాశాలలో మత్తు పదార్థాల వ్యతిరేక కమిటీ బాధ్యత నాకు అప్పగించారు. జూన్ 26న ర్యాలీ తీశాం, ప్రతిజ్ఞ చేయించాం, వ్యాసరచన పోటీ పెట్టాం, ఫొటోలు పై అధికారులకు పంపాం. అందరూ బాగా జరిగిందన్నారు. నాకు మాత్రం తృప్తి లేదు. ప్రతిజ్ఞ చదివిస్తున్నప్పుడు వెనుక వరుస కుర్రవాళ్ళు పెదవులు కూడా కదపలేదు. మొదటి బహుమతి వచ్చిన వ్యాసంలో నినాదాలు తప్ప మా ఊరి సంగతి ఒక్కటీ లేదు. కళాశాల గోడ అవతల ఏమి దొరుకుతుందో ఆ పిల్లలకు నాకంటే బాగా తెలుసు.

మొదటి సంవత్సరం, సెక్షన్‌కు 60 మంది. వారానికి ఒక పీరియడ్ ఇవ్వడానికి ప్రిన్సిపాల్ ఒప్పుకున్నారు. ఉపన్యాసాలు వద్దు. పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి చేయించదగ్గవి, మీరు చేసి చూసినవి ఉంటే చెప్పండి.

చౌరస్తా
ర్యాలీని అంత తేలిగ్గా తీసిపారేయకండి మాస్టారూ. పిల్లలు నినాదాలు ఇచ్చుకుంటూ వెళితే కనీసం పాన్ డబ్బాల వాళ్ళకు భయం ఉంటుంది.

ఇంటర్_లెక్చరర్
ఆ భయం సాయంత్రం దాకా కూడా నిలవలేదండీ. అందుకే అడుగుతున్నాను.

శారద_కౌన్సెలర్
నేను కళాశాలల్లో ఈ పనే చేస్తాను. మొదటి తరగతిలో చేయించేది చీటీల పని. అందరికీ ఒకే రకం కాగితం, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. పేరు, రోల్ నంబరు రాయకూడదు. రెండే ప్రశ్నలు. "మన సెక్షన్‌లో పది మందిని తీసుకుంటే, పోయిన నెలలో మద్యం తాగినవాళ్ళు ఎంతమంది ఉంటారనుకుంటున్నావు?" "నువ్వు తాగావా?" మడిచి డబ్బాలో వేయిస్తారు.

దాదాపు ప్రతిచోటా అంచనా నిజం కంటే చాలా ఎక్కువ వస్తుంది. పది మందిలో ఆరుగురో ఏడుగురో తాగుతారని పిల్లలు రాస్తారు, తాగామని రాసేవాళ్ళు అందులో సగం కూడా ఉండరు. ఆ రెండు అంకెలూ పక్కపక్కన బోర్డు మీద వేసినప్పుడు గదిలో వచ్చే కలకలం చూడాలి. అందరూ తాగుతున్నారు, నేనొక్కడినే వెనుకబడ్డాను అనుకునే పిల్లవాడికి తనలాంటివాళ్ళే ఎక్కువని అప్పుడు తెలుస్తుంది. దేశవ్యాప్త సర్వే ఒకటి ఎయిమ్స్ చేయగా 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్ళ వాళ్ళలో మద్యం తాగేవాళ్ళు 14.6 శాతం, గంజాయి, భంగు లాంటివి వాడేవాళ్ళు 2.8 శాతం అని అందులో తేలింది. పెద్దవాళ్ళను కలుపుకుని ఆ లెక్క.

ఒక జాగ్రత్త. చీటీలు పిల్లల ముందే లెక్కపెట్టకండి. ఇంటికి తీసుకెళ్ళి చూసుకుని, మరుసటి వారం బోర్డు మీద వేయండి. ఏదైనా సెక్షన్‌లో నిజమైన అంకే ఎక్కువ వస్తే అందరి ముందూ చెప్పకూడదు, అది తాగనివాళ్ళ మీద ఒత్తిడి అవుతుంది. ఆరేసిమంది జట్లలో కూడా ఈ పని పెట్టవద్దు, ఎవరి చీటీ ఎవరిదో తెలిసిపోతుంది.

న్యూజెర్సీ_నాన్న
ఇక్కడ అమెరికాలో బడి పిల్లలను మత్తుకు దూరంగా ఉంచడానికి డేర్ అనే కార్యక్రమం ఉంది. 1983లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది. యూనిఫాం వేసుకున్న పోలీసు అధికారి తరగతికి వచ్చి పాఠం చెప్పేవాడు, చివర్లో పిల్లలకు టీ షర్టు. తల్లిదండ్రులకు చాలా నచ్చింది, దేశమంతా పాకింది. 1990లలో పరిశోధకులు కొలిచి చూస్తే, ఆ పాఠాలు విన్న పిల్లలకూ విననివాళ్ళకూ కాలం గడిచేకొద్దీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చివరకు 2009లో పాఠ్యక్రమాన్నే మార్చుకోవలసి వచ్చింది. మన దగ్గర అదే పద్ధతి కొత్తగా మొదలుపెడుతున్నారని వింటే బాధేస్తుంది.

ఖాకీ_చొక్కా
మమ్మల్ని పూర్తిగా పక్కన పెట్టకండి సార్. పాఠం చెప్పడం మా పని కాదు, ఒప్పుకుంటాను. కానీ చట్టం గురించి పిల్లలకు ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఏజెన్సీ వైపు నుంచి వచ్చే బస్సుల్లో, రైళ్ళలో దొరికే కుర్రవాళ్ళలో చాలామంది గంజాయి తాగేవాళ్ళు కారు, మోసేవాళ్ళు. టికెట్టు కొనిచ్చి, ఖర్చులకు డబ్బిచ్చి "ఈ బ్యాగు ఫలానా స్టేషన్‌లో అందజేయి" అంటారు. అంతే. 20 కిలోలు దాటితే చట్టం ప్రకారం వాణిజ్య పరిమాణం. కనీస శిక్ష పదేళ్ళు, ఇరవై ఏళ్ళ దాకా వెళ్ళవచ్చు, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు కూడా అంత సులభంగా రాదు. బ్యాగు ఇచ్చినవాడి పూర్తి పేరు కూడా ఆ కుర్రవాడికి తెలియదు. స్టేషన్‌లో కూర్చోబెట్టినప్పుడు వాళ్ళు అడిగే మొదటి మాట "సార్, రేపు నాకు పరీక్ష ఉంది, ఎప్పుడు పంపిస్తారు?" అని.

మన్యం_మాస్టారు
ఖాకీ చొక్కా గారు చెప్పింది అక్షరాలా నిజం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, గిరిజన ఆశ్రమ పాఠశాల. తాగుడు ఎంత సమస్యో, ఈ బ్యాగు మోయడం అంతకంటే పెద్ద సమస్య. నేను తొమ్మిది, పది తరగతులకు ఒక ఆట ఆడిస్తాను.

బల్ల మీద మామూలు కాలేజీ బ్యాగు పెడతాను. లోపల ఇటుకలు. ఒకరు మోయమని అడిగేవాడు, ఒకరు మోయవలసినవాడు, మిగతా నలుగురు చూసేవాళ్ళు. అడిగేవాడు చెప్పే మాటలు చీటీ మీద ముందే రాసి ఇస్తాను. మొదట "తమ్ముడూ, ఈ బ్యాగు కాస్త బస్సు దాకా పట్టుకో". తరువాత "మా బావ దిగి తీసుకుంటాడు, నువ్వేమీ చేయనక్కరలేదు". ఆ తరువాత "నీ ఫీజు నేను కడతాను". ఆఖరున "మీ అన్న కూడా మోశాడు, అడుగు". ఒక్కో మాట తరువాత ఆపి చూసేవాళ్ళను అడుగుతాను, ఇక్కడ తప్పించుకోవడం ఎలా అని. మొదటి మాట దగ్గర తప్పించుకోవడం తేలిక, ఫీజు మాట వచ్చేసరికి గది నిశ్శబ్దమైపోతుంది. ఎందుకంటే అది వాళ్ళ ఇంటి సంగతి. ఒక అమ్మాయి లేచి "బ్యాగు విప్పి చూపిస్తేనే పట్టుకుంటాను" అంది. ఆ మాట ఇప్పుడు మా బడిలో అందరి నోటా ఉంది.

శారద_కౌన్సెలర్
మాస్టారూ, ఆ అమ్మాయి మాట బాగుంది. కానీ నిజంగా అలాంటివాడు ఎదురైతే బ్యాగు విప్పించకుండా అక్కడి నుంచి వెళ్ళిపోవడమే క్షేమమని కూడా చేర్చండి. లోపల ఏముందో చూసినవాణ్ణి వాళ్ళు తేలిగ్గా వదలరు.

మన్యం_మాస్టారు
నిజమే మేడమ్. ఈసారి నుంచి అది కూడా చెప్పిస్తాను.

డిగ్రీ_రెండో_ఏడాది
విద్యార్థి పక్షాన ఒక మాట. రోల్ ప్లే అంటే మా తరగతిలో జరిగేది ఇది. అందరినీ నవ్వించేవాడికి తాగుబోతు వేషం ఇస్తారు. వాడు తూలుతాడు, పాట పాడతాడు, అందరూ ఈలలు వేస్తారు. వద్దని చెప్పే పాత్ర వేసినవాడి మాట ఎవరికీ వినబడదు. గంట అయిపోతుంది.

ఇంకో సంగతి. మీ నాటకాల్లో ఎప్పుడూ ఒక దుర్మార్గుడు "తాగరా, మగాడివి కాదా" అని బలవంతం చేస్తాడు. మా హాస్టల్‌లో బలవంతం చేసేవాడు ఎవడూ ఉండడు. సీనియర్ పుట్టినరోజు, బిర్యానీ ఆయనే తెప్పిస్తాడు, డాబా మీద అందరం కూర్చుంటాం, గ్లాసు చేతులు మారుతూ వస్తుంది. నీ దాకా వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనరు. అందుకే వద్దని చెప్పడం కష్టం. ఎదురు మాట ఉంటే బదులివ్వవచ్చు, మాటే లేనప్పుడు ఏమి చెప్పాలి?

వార్డెన్_అక్క
ఈ అబ్బాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. డాబా తాళం నా దగ్గరే ఉంటుంది. అయినా ఎక్కుతారు.

గోదారిగట్టు
డాబా తాళం రెండోది ఎవరి దగ్గరుందో ఆ అబ్బాయినే అడగండి అక్కా, చెబుతాడు :)

శారద_కౌన్సెలర్
తమ్ముడూ, నువ్వు చెప్పినది శిక్షకుల పుస్తకంలో ఉండాలి. రోల్ ప్లేకు నేను పెట్టే నియమాలు ఇవే. తాగినట్టు ఎవరూ నటించకూడదు. నవ్వించేవాడికి చూసేవాడి పాత్ర ఇవ్వాలి. గ్లాసు చేతికి అందే క్షణం దగ్గరే ఆట ఆపాలి, దాని తరువాతిది అవసరం లేదు. అక్కడ ఒక్కొక్కరూ తమకు నిజంగా నోటికి వచ్చే మాట చెప్పాలి. మా పిల్లలు చెప్పినవి: "నాకు పడదన్నా, పక్కకివ్వు". "పొద్దున క్రికెట్ ఉంది". ఇంకొకడు ఏమీ మాట్లాడలేదు, గ్లాసు అందుకుని పక్కవాడికి ఇచ్చేసి బిర్యానీ ప్లేటు తీసుకున్నాడు. అదే అందరికీ నచ్చింది. పది రకాలుగా నోటికి అలవాటు చేసుకుంటే, డాబా మీద ఒక్కటైనా గుర్తొస్తుంది.

ఇంకొకటి. వద్దని చెప్పినవాడి పక్కన మరొకడు నిలబడడం కూడా నేర్పండి. "నాకూ వద్దు" అనే రెండో గొంతు వస్తే ఒత్తిడి చాలా తగ్గిపోతుంది. జట్లుగా చేయించడంలో అసలు లాభం ఇదే.

ఇద్దరు_పిల్లల_తల్లి
మా అమ్మాయి బడిలో మత్తు మానేసిన ఒకాయనను పిలిపించి మాట్లాడించారు. పిల్లలు కళ్ళార్పకుండా విన్నారట. మీరెవరూ ఆ సంగతి ఎత్తలేదు.

శారద_కౌన్సెలర్
విన్నారు సరే. ఇంటికొచ్చి ఏమి చెప్పింది?

ఇద్దరు_పిల్లల_తల్లి
"అన్ని చేసినా ఆయన ఇప్పుడు బాగానే ఉన్నాడమ్మా, కారులో వచ్చాడు" అంది. నాకు ఏమి చెప్పాలో తోచలేదు.

శారద_కౌన్సెలర్
అందుకే ఎత్తలేదండీ. ఐక్యరాజ్య సమితి మాదకద్రవ్యాల విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2018లో నివారణ ప్రమాణాల రెండో కూర్పు వెలువరించాయి. బడుల్లో మానేసినవాళ్ళ అనుభవాలు చెప్పించడం, భయపెట్టే బొమ్మలు చూపించడం, ఒట్టి సమాచారం చెప్పి వదిలేయడం వల్ల ఫలితం కనిపించలేదని అందులో ఉంది. పిల్లలు పాల్గొనే తరగతులు, వారం వారం వరుసగా, శిక్షణ పొందిన పెద్దవాళ్ళు నడిపించేవి పనిచేస్తాయని కూడా ఉంది.

మానేసినవాడిని
ప్రమాణాల సంగతి నాకు తెలియదు. నేను ప్రతి వారం మా బృందం సమావేశానికి వెళతాను. అక్కడ తోటివాడి కథ వినే నేను నిలబడ్డాను. కాబట్టి మా కథలు పనికిరావనే మాట ఒప్పుకోలేను. అయితే ఇంకా ముట్టని పదహారేళ్ళ పిల్లల ముందు మమ్మల్ని నిలబెట్టవద్దన్నది సబబే. వాళ్ళ తండ్రుల ముందు నిలబెట్టండి, వస్తాను. మా మాట అక్కడ అవసరం.

ఇంటర్_లెక్చరర్
ఇది నాకు తట్టలేదు. తల్లిదండ్రుల సమావేశానికి మీలాంటివారిని తప్పకుండా పిలుస్తాను. అన్నట్టు, ఒకబ్బాయి నన్ను సూటిగా అడిగిన ప్రశ్న మీ ముందు పెడుతున్నాను. "సార్, మా తాత రోజూ కల్లు తాగుతాడు. బోనాలకు సాక పోస్తారు. మా తాత చెడ్డవాడా?"

ఈతచెట్టు
తెలంగాణలో ఈ ప్రశ్న రాకపోతే ఆశ్చర్యపోవాలి. మేము కల్లు గీసే కుటుంబం. తాతను చెడ్డవాడంటే ఆ పిల్లవాడు ఇక జన్మలో మీ మాట వినడు. అలా అనవద్దు. మా నాన్న చెట్టు దిగి పోసే కల్లు వేరు, దుకాణంలో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తు మందులు కలిపి అమ్మేది వేరు. ఆ తేడా పిల్లలకు చెప్పండి. కల్తీ కల్లుకు అలవాటుపడిన మనిషికి ఒక్కసారిగా అది దొరకకపోతే చేతులు వణుకుతాయి, పొంతన లేకుండా మాట్లాడతాడు, ఫిట్స్ వస్తాయి. మా ఊళ్ళో కళ్ళారా చూశాను. మొత్తం గీత కార్మికులకు చెడ్డపేరు తెచ్చింది ఆ మందు కలిపేవాళ్ళే.

చౌరస్తా
అంటే చెట్టు కల్లు పిల్లలు తాగవచ్చనా మీ ఉద్దేశం?

ఈతచెట్టు
ఎక్కడన్నాను? పెరిగే పిల్లలకు ఏదీ వద్దు. పండగ పూట "కొంచెం రుచి చూడు బిడ్డా" అని పోసేది మన ఇళ్ళలోనే. ఆపవలసింది అక్కడ.

వార్డెన్_అక్క
ఈతచెట్టు అన్న చెప్పిన ఫిట్స్ మాట అందరూ గుర్తుపెట్టుకోండి. కల్తీ కల్లుకు గానీ, రోజూ ఎక్కువగా తాగే మద్యానికి గానీ అలవాటైన మనిషిని గదిలో పెట్టి తాళం వేసి మాన్పించాలని చూస్తారు కొందరు. ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి.

పెన్నా_తీరం
జట్లుగా మాట్లాడుకోవడం వల్ల ఏమవుతుందని సందేహపడేవాళ్ళు మా నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోండి. 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం కింద రాత్రి బడులు నడిచాయి. పలకా బలపం పట్టిన ఆడవాళ్ళు పాఠం చదివాక దాని మీద మాట్లాడుకునేవాళ్ళు. సారా వల్ల పాడైన ఇళ్ళ మాట వచ్చినప్పుడు, అది పాఠంలోని ఇల్లు కాదు, మా ఇల్లే అనుకున్నారు. అక్కడి నుంచి సారా దుకాణం మూయించేదాకా వెళ్ళారు. వర్ధినేని రోశమ్మ పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ బడుల్లో ఉపన్యాసకులు లేరు. లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళే మాట్లాడారు.

చౌరస్తా
1997లో నిషేధం ఎత్తేశారు కూడా కదా.

పెన్నా_తీరం
ఎత్తేసింది ప్రభుత్వం. ఆ ఆడవాళ్ళ మాట చెల్లకుండా పోలేదు. పిల్లలకు ఈ చరిత్ర చెప్పి, మీ ఊళ్ళో ఆ కాలంలో ఏమి జరిగిందో అమ్మమ్మలను అడిగి రమ్మనండి. జట్టుకు ఒక అమ్మమ్మ చాలు. వ్యాసరచన పోటీకి బదులు అదే పెట్టండి.

ఇంటర్_లెక్చరర్
తప్పకుండా పెడతాను. చాలా బాగుంది.

గోదారిగట్టు
మేము బుర్రకథ చేయించాం. కథకుడు, ఇద్దరు వంతలు. హాస్యం చెప్పే వంతకు ఊళ్ళో జరిగే సంగతులన్నీ అప్పజెప్పాం. పిల్లలే రాసుకున్నారు. సర్పంచి గారి తమ్ముడి బెల్టు షాపు కూడా కథలోకి వచ్చింది. సర్పంచి ముందు వరుసలోనే కూర్చున్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు, మరుసటి వారం షాపు వేరే వీధికి మారింది :)

లా_విద్యార్థి
పిల్లలతో కొలతల పని చేయించండి. పొగాకు చట్టం 2003 ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల సిగరెట్లు, పొగాకు అమ్మకూడదు. ఆ మాట రాసిన బోర్డు గేటు దగ్గర ఉండాలి. 100 గజాలంటే సుమారు 91 మీటర్లు. టేపు పట్టుకుని గేటు నుంచి కొలిచి, పటం గీసి, దుకాణాలు గుర్తించమనండి. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదు. పిల్లలకు మద్యం గానీ మత్తు పదార్థం గానీ ఇచ్చినవాడికి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. ఇవన్నీ ఆ పటం పక్కన రాయించండి.

ఖాకీ_చొక్కా
కొలవనివ్వండి, కానీ దుకాణదారుతో పిల్లలు వాదనకు దిగకూడదు. పటం మాస్టారు సంతకంతో మాకు ఇవ్వండి. మత్తు పదార్థాలను అరికట్టే ఈగల్ పోలీసు విభాగం ఫోన్ నంబరు ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908. చెప్పినవాళ్ళ వివరాలు బయటపెట్టరు.

వెంకట్_పటాన్‌చెరు
ఐస్‌లాండ్‌లో 1998లో 15, 16 ఏళ్ళ పిల్లల్లో నెలలో ఒక్కసారైనా మత్తెక్కేలా తాగినవాళ్ళు 42 శాతం ఉండేవాళ్ళు. 2016కు 5 శాతానికి తగ్గారు. పాఠాల వల్ల కాదు. సాయంత్రాలు ఆటలు, సంగీతం నేర్పే సంఘాలకు ప్రభుత్వం డబ్బు పెట్టింది. రాత్రి ఎన్ని గంటలకు ఇంట్లో ఉండాలో తల్లిదండ్రులంతా కలిసి ఒప్పందం రాసుకున్నారు. మనమేమో కళాశాల అంటే నాలుగంతస్తుల భవనం, కింద పార్కింగు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా స్టడీ అవర్లు. పిల్లవాడు ఊపిరి తీసుకునే చోటు డాబా ఒక్కటే. ఆటస్థలం లేని కళాశాలకు అనుమతి ఇచ్చేవాళ్ళను ముందు అడగాలి మనం.

డిగ్రీ_రెండో_ఏడాది
అన్నా, ఈ మాటకు దండం.

వార్డెన్_అక్క
ఒక ముఖ్యమైన విషయం ఎవరూ చెప్పలేదు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళందరినీ వెతికిపట్టి ఒకే జట్టుగా కూర్చోబెట్టకండి. ఒక కళాశాలలో అలా చేశారు. అంతకుముందు ఒకరికొకరు తెలియనివాళ్ళు స్నేహితులైపోయి కలిసి కొనడం మొదలుపెట్టారు. వాళ్ళతో విడివిడిగా మాట్లాడాలి.

అలాగే ప్రథమ చికిత్స నేర్పండి. ఎక్కువ తాగి స్పృహ తప్పినవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టకూడదు, వాంతి గొంతుకు అడ్డుపడుతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఒంటరిగా వదలకూడదు, 108కి ఫోన్ చేయాలి. పడుకుంటే దిగిపోతుందనుకోవడం ప్రమాదం. ఇద్దరిద్దరుగా నేల మీద చేయిస్తే పది నిమిషాల పని.

ఇద్దరు_పిల్లల_తల్లి
ఇది నేర్పితే తాగినా ఫరవాలేదని చెప్పినట్టు కాదా?

వార్డెన్_అక్క
కాదమ్మా. స్నేహితుడు పడిపోతే వార్డెన్‌కు తెలుస్తుందని భయపడి తలుపులు వేసుకునే పిల్లల మధ్య ఉంటున్నాను. ముందు ప్రాణం, క్రమశిక్షణ చర్యలు తరువాత. మా హాస్టల్‌లో ఈ మాట గోడ మీద రాయించాను. ఫోన్ చేసినవాడి మీద చర్య ఉండదని కూడా రాయించాను.

మానేసినవాడిని
ఆ రెండో వాక్యం ప్రతి హాస్టల్‌లో ఉండాలి.

లా_విద్యార్థి
చట్టంలోనూ ఆ ఆలోచన ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ సెక్షన్ చూడండి. అలవాటుపడిన మనిషి, చిన్న పరిమాణం లేదా వాడకానికి సంబంధించిన కేసులో, తానుగా ముందుకొచ్చి గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స తీసుకుంటే విచారణ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఇంటర్_లెక్చరర్
చీటీల తరువాత ఎవరైనా నా దగ్గరకు వచ్చి "సార్, నేను వాడుతున్నాను, ఎవరికీ చెప్పకండి" అంటే ఏమి చేయాలి? నాకు అన్నిటికంటే ఇదే బెంగ.

శారద_కౌన్సెలర్
ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. నిలబెట్టుకోలేకపోతే మళ్ళీ ఏ పెద్దవాడినీ నమ్మడు. "నీకు సాయం చేయగలిగినవాళ్ళకు మాత్రమే చెబుతాను, చెప్పే ముందు నీకు చెబుతాను" అనండి. ఎప్పటి నుంచి, ఏమిటి, ఎంత అనే విచారణ మొదటి రోజు వద్దు. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టండి. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ రోజుల్లో ఉంటారో ముందే కనుక్కుని పెట్టుకోండి. మత్తు విముక్తి సహాయానికి 14446, మానసిక సలహాకు టెలిమానస్ 14416, రెండూ ఉచితం. వాళ్ళతో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎదుట చెప్పలేనివాళ్ళ కోసం ఒక ప్రశ్నల పెట్టె పెట్టండి.

ఇంటర్_లెక్చరర్
పెట్టె సిద్ధంగా ఉంది. స్టాఫ్ రూమ్ తలుపు పక్కన తగిలిద్దామనుకుంటున్నాం.

డిగ్రీ_రెండో_ఏడాది
అక్కడ పెడితే ఒక్క చీటీ కూడా పడదు సార్. సీసీ కెమెరా కింద కూడా వద్దు. ఎవరైనా ఏదో పని మీద వెళ్ళే చోట ఉండాలి.

ఇంటర్_లెక్చరర్
లైబ్రరీలో దినపత్రికల బల్ల వెనుక పెట్టిస్తాను, అక్కడ కెమెరా లేదు. తాళం మా కళాశాలకు వచ్చే కౌన్సెలర్ మేడమ్ దగ్గర ఉంటుంది, నా దగ్గర కూడా ఉండదు. సోమవారం నుంచి మొదలు.